బ్రిటన్ బీరు పీపాల లెక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లో బీరు ఎప్పుడు ఎంత తయారైంది, ఎక్కడికి వెళ్ళింది, ఎందుకు పెరిగి ఎందుకు తగ్గింది అని పాత లెక్కలు పోగేసి ఒక గ్రాఫ్ గీసుకున్నాను. అది చూసిన స్నేహితులు ఒక్కొక్కరూ ఒక్కో ప్రశ్న వేశారు. వాటికి చెప్పిన జవాబులే ఇవి. తాగమనీ మానమనీ చెప్పే పేజీ కాదు. లెక్కలంటే సరదా ఉన్నవాళ్ళకి మాత్రం బాగా కాలక్షేపం.

టైమ్ లేదు, మొత్తం కథ ఒక్క పేరాలో చెప్పండి?

18వ శతాబ్దంలో లండన్ నల్ల బీరుతో పెద్ద ఫ్యాక్టరీలు పుట్టాయి. 19వ శతాబ్దంలో బర్టన్ అనే చిన్న ఊరు లేత రంగు బీరుతో లండన్‌ని దాటేసింది. 1876 ప్రాంతంలో తలసరి వాడకం శిఖరానికి చేరింది: చంటిపిల్లలతో సహా మనిషికి ఏడాదికి దాదాపు 34 గ్యాలన్లు, అంటే 155 లీటర్లు. మొత్తం ఉత్పత్తి 1900 నాటికి ఏడాదికి 3 కోట్ల 70 లక్షల పీపాల దగ్గర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కూలింది. 1932-33లో 1 కోటి 80 లక్షల దగ్గరకి పడిపోయింది. మళ్ళీ మెల్లగా లేచి 1979లో 4 కోట్లు దాటింది. అప్పటినుంచి దిగుడే. 2019లో దాదాపు 2 కోట్ల 40 లక్షలు. ఈ ఎత్తుపల్లాల వెనక దాహం కంటే టాక్స్ చెయ్యి ఎక్కువ ఉందని నా అభిప్రాయం. ఎందుకో కింద చెప్తాను.

పీపా అంటే ఎంత? అన్ని కాలాల్లోనూ ఒకటేనా?

ఇంగ్లీషువాళ్ళ బీరు పీపా 36 గ్యాలన్లు. ఇప్పటి కొలతలో సుమారు 164 లీటర్లు. అందులో సగం కిల్డర్‌కిన్, పావు ఫర్కిన్, ఒకటిన్నర రెట్లు హాగ్స్‌హెడ్. మన మానికలు, తవ్వలు, సోలల్లాగే వాళ్ళకీ ఒక వరస ఉంది.

గ్రాఫ్ చూసేటప్పుడు మాత్రం రెండు గోతులుంటాయి, నేను రెండింట్లోనూ పడ్డాను. మొదటిది: పాత పుస్తకాల్లో పీపాలు రెండు రకాలు. నిజంగా బయటికి వెళ్ళిన పీపా ఒకటి, టాక్స్ వాళ్ళ కాగితాల మీది "స్టాండర్డ్ పీపా" ఇంకొకటి. స్టాండర్డ్ పీపా అంటే ఒక నిర్ణీత చిక్కదనం ఉన్న బీరు. బీరు పలచనైతే ఒక్క స్టాండర్డ్ పీపా సరుకుతో రెండు నిజం పీపాలు నింపొచ్చు. ఏ వరస చూస్తున్నామో గమనించకపోతే 1917 దగ్గర గ్రాఫ్ పూర్తిగా అబద్ధం చెప్తుంది.

రెండోది ఐర్లండ్. 1922 దాకా ఐర్లండ్ అంతా యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కాబట్టి డబ్లిన్‌లోని గిన్నిస్ కూడా "బ్రిటిష్" ఉత్పత్తిలోనే కలిసేది. అప్పటికి ఆ దేశం మొత్తంలో పెద్ద బ్రూవరీ అదే. ఐరిష్ ఫ్రీ స్టేట్ విడిపోగానే ఆ పీపాలన్నీ లెక్కలోంచి మాయమై మరుసటి ఏడాది "దిగుమతి" ఖాతాలో తేలాయి. తాగేవాడి గ్లాసులో మార్పేమీ లేదు.

ఏల్, బీరు ఒకటేనా?

ఇప్పుడు ఏల్ అనేది బీరులో ఒక రకం. 15వ శతాబ్దంలో మాత్రం రెండూ వేరు. ఏల్‌లో హాప్ పువ్వులు ఉండేవి కావు, అది ఎక్కువగా ఆడవాళ్ళు ఇళ్ళల్లో చేసి అమ్మేది, త్వరగా పులిసిపోయేది. హాప్స్ వేసిన "బీరు" సముద్రం అవతల, ఇప్పటి బెల్జియం, నెదర్లాండ్స్ వైపు నుంచి వచ్చింది. హాప్స్ చేదుతో పాటు నిల్వ గుణం ఇస్తాయి. నిల్వ ఉంటే దూరం పంపొచ్చు, పెద్ద ఎత్తున చెయ్యొచ్చు. 16వ శతాబ్దంలో కెంట్ ప్రాంతంలో హాప్ తోటలు వేశారు. ఇంటి వంట వ్యాపారంగా మారింది అక్కడే. వ్యాపారం పెద్దదయ్యేకొద్దీ ఆడవాళ్ళు పక్కకి జరిగిపోయారు.

పోర్టర్ అంటే మూటలు మోసేవాడు కదా, బీరుకి ఆ పేరేంటి?

అదే. 18వ శతాబ్దం మొదట్లో లండన్ వీధుల్లో, రేవుల్లో సరుకులు మోసే కూలీలు ఎక్కువగా తాగిన నల్లటి బీరు కాబట్టి వాళ్ళ పేరే దానికి పడింది.

పోర్టర్‌కి ఒక చిత్రమైన గుణం ఉంది. చిన్న కుండలో కంటే పెద్ద పీపాలో బాగా కుదిరేది. ముతక గోధుమ రంగు మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), ఎక్కువ హాప్స్, నెలల తరబడి నిల్వ. నెలల తరబడి సరుకు ఆపుకోగల డబ్బున్నవాడే ఈ వ్యాపారంలో నిలబడగలడు. అందుకే చిన్నవాళ్ళు తప్పుకుని కొద్దిమంది పెద్దవాళ్ళు మిగిలారు. శామ్యూల్ విట్‌బ్రెడ్ 1742లో మొదలుపెట్టి 1750లో చిస్వెల్ స్ట్రీట్‌కి మారాడు. 1785లో బోల్టన్, వాట్‌ల ఆవిరి యంత్రం పెట్టించాడు. అది చూడడానికి 1787లో మూడో జార్జి రాజు స్వయంగా వచ్చాడు. 1796కల్లా ఆ ఒక్క బ్రూవరీ ఏడాదికి 2 లక్షల పీపాలు దాటింది. పారిశ్రామిక విప్లవం అనగానే మనకి బట్టల మిల్లులే గుర్తొస్తాయి కానీ, ఆ రోజుల్లో లండన్‌లో పెద్ద ఫ్యాక్టరీ చూపించమంటే ఎవరైనా బ్రూవరీకే తీసుకెళ్ళేవారు.

సౌత్‌వార్క్‌లో థ్రేల్ కుటుంబానికి ఇంకో పెద్ద బ్రూవరీ ఉండేది. 1781లో యజమాని పోయాక దాన్ని అమ్మిపెట్టే బాధ్యత తీసుకున్నవాళ్ళలో నిఘంటుకారుడు డాక్టర్ జాన్సన్ ఒకడు. 1 లక్షా 35 వేల పౌండ్లకి అమ్ముడైంది. కొన్నవాళ్ళ పేరు మీదే తర్వాత బార్‌క్లే పెర్కిన్స్ అయింది. రష్యా రాజాస్థానానికి చిక్కటి స్టౌట్ (పోర్టర్‌లో గట్టి రకం) పంపిన బ్రూవరీ ఇదే.

ఆ తర్వాత కొలిచే పరికరాలు వచ్చాయి. 1784లో రిచర్డ్‌సన్ అనే ఆయన మాల్ట్ రసంలో తీపి ఎంతుందో కొలిచే పద్ధతి అచ్చు వేశాడు. కొలిచి చూస్తే చవక అనుకున్న గోధుమ రంగు మాల్ట్ నిజానికి ఖరీదైనదని తేలింది. బస్తాకి వచ్చే సారం తక్కువ మరి. అందరూ లేత మాల్ట్‌కి మారారు, రంగు కోసం ఏవేవో కలిపారు, 1816లో చట్టం ఆ కలపడాన్ని ఆపేసింది. 1817లో డేనియల్ వీలర్ కాఫీ గింజల్లా మాల్ట్‌ని డ్రమ్ములో నల్లగా వేయించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పటికీ స్టౌట్‌లో ఆ మాడు వాసన అక్కడినుంచి వచ్చిందే.

లండన్‌లో బీరు వరద వచ్చి మనుషులు చనిపోయారంటారు. పుకారేనా?

నిజమే. 1814 అక్టోబర్ 17న టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ దగ్గర మ్యూ కంపెనీ బ్రూవరీలో 22 అడుగుల ఎత్తు తొట్టి ఇనుప కట్టు జారి పగిలింది. ఆ తాకిడికి మిగతావి కూడా పోయాయి. పక్కనున్న పేదల ఇళ్ళలోకి బీరు దూసుకెళ్ళి 8 మంది చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు. ఎవరి తప్పూ లేదని విచారణలో తేల్చారు. కంపెనీ మాత్రం పోయిన బీరు మీద ముందే కట్టిన టాక్స్‌ని పార్లమెంటు ద్వారా వెనక్కి రాబట్టుకుంది, 7 వేల పౌండ్ల పైచిలుకు. చనిపోయినవాళ్ళ కుటుంబాలకి కంపెనీ నుంచి పరిహారం లేదు.

ఇండియా పేల్ ఏల్ నిజంగా మన దేశం కోసం కనిపెట్టిందేనా?

సగం నిజం. సీసా వెనక రాసే కథ ఇలా ఉంటుంది: మామూలు బీరు ఇండియా చేరేలోపు పాడైపోతోంది, అందుకని ఒకాయన కూర్చుని ఆల్కహాల్, హాప్స్ పెంచి కొత్త బీరు కనిపెట్టాడు. వినడానికి బాగుంది, జరిగింది మాత్రం అలా కాదు. పోర్టర్ కూడా ఇండియా దాకా శుభ్రంగా వచ్చింది. ఈస్టిండియా కంపెనీ సిపాయిలు, అంటే తెల్ల సిపాయిలు, తాగింది ఎక్కువగా అదే. లేత రంగు బీరు తాగింది ఆఫీసర్లు, వ్యాపారులు.

తూర్పు లండన్‌లో బో అనే చోట హాడ్జ్‌సన్ కుటుంబానికి ఒక మామూలు బ్రూవరీ ఉండేది. గొప్పతనం బీరులో కంటే చోటులో ఉంది. ఇండియా వెళ్ళే ఓడలు ఆగే బ్లాక్‌వాల్ రేవు అక్కడికి దగ్గర. కంపెనీ ఓడల కెప్టెన్లకి సొంత వ్యాపారం కోసం ఓడలో కొంత జాగా ఇచ్చేవారు. వాళ్ళు హామ్‌లు, చీజ్, టోపీలు, పింగాణీతో పాటు బీరు కూడా వేసుకెళ్ళి కలకత్తా, మద్రాసుల్లో అమ్ముకునేవారు. హాడ్జ్‌సన్ వాళ్ళకి ఏడాది, ఏడాదిన్నర అప్పు ఇచ్చేవాడు. మన ఊళ్ళో కిరాణా కొట్టువాడు ఖాతా పెట్టి గిరాకీని పట్టుకున్నట్టే. గుడ్ హోప్ అగ్రం చుట్టూ నాలుగైదు నెలలు ఓడలో ఊగి, ఎండకి కాగి వచ్చేసరికి, ఇంగ్లండ్‌లో రెండేళ్ళు నేలమాళిగలో మగ్గాల్సిన బీరు ఓడలోనే మగ్గి దిగింది. ఎవరూ ఆలోచించి చేసింది కాదు, కలిసొచ్చింది.

తర్వాత తరానికి ఆశ ఎక్కువైంది. 1820ల మొదట్లో కెప్టెన్లని పక్కన పెట్టి తామే ఓడల్లో పంపి, అప్పులు ఆపి, ధర పెంచారు. దాంతో ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్ కాంప్‌బెల్ మార్జరీబ్యాంక్స్ బర్టన్‌కి చెందిన శామ్యూల్ ఆల్సప్ ముందు ఒక హాడ్జ్‌సన్ సీసా పెట్టి "ఇలాంటిది చెయ్యగలవా" అన్నాడంటారు. సరిగ్గా అప్పుడే రష్యా 1822లో సుంకాలు పెంచి బర్టన్ బీరుకి తలుపు మూసేసింది. పని లేక కూర్చున్నవాడికి ఇంతకంటే ఏం కావాలి? మొదటి నమూనా టీ కెటిల్‌లో చేశారని బర్టన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కథే అయినా ముచ్చటైన కథ. పదేళ్ళలో హాడ్జ్‌సన్ వెనకబడి ఆల్సప్, బాస్ ముందుకొచ్చారు. "ఇండియా పేల్ ఏల్" అనే పేరు ఆ తర్వాత, 1830ల చుట్టుపక్కల, పత్రికల ప్రకటనల్లో స్థిరపడింది. అంటే పేరు పెట్టేసరికి ఆ బీరు దశాబ్దాలుగా ఓడలెక్కుతూనే ఉంది.

బర్టన్‌కి అంత పేరు ఎందుకొచ్చింది?

నీళ్ళ వల్ల. బర్టన్ అపాన్ ట్రెంట్ బావుల్లో జిప్సమ్ బాగా ఉంటుంది. ఆ ఉప్పదనం లేత మాల్ట్‌కి, హాప్స్ చేదుకి బాగా నప్పుతుంది. లండన్ నీళ్ళు నల్ల బీరుకి నప్పాయి. ఏ ఊరి పచ్చడి ఆ ఊరి నీళ్ళతోనే కుదురుతుందని మా అమ్మమ్మ అనేది, బీరు విషయంలో అది అక్షరాలా నిజం. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడైనా పేల్ ఏల్ చేసేవాళ్ళు నీళ్ళలో జిప్సమ్ కలుపుకుంటారు.

నీళ్ళుంటే చాలదు, దారి కూడా కావాలి. 1839లో రైలు వచ్చింది. 1777లో మొదలైన బాస్ కంపెనీ 1870ల చివరికి ఏడాదికి దాదాపు 10 లక్షల పీపాలు చేసి ప్రపంచంలోనే పెద్దదైంది. 1868లో కట్టిన లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్ కింది అంతస్తులో ఇనుప స్తంభాల మధ్య దూరాన్ని బర్టన్ పీపాలు అమర్చే కొలతతోనే వేశారు. యూరోస్టార్ ఎక్కడానికి మీరు సూట్‌కేసుతో క్యూలో నిలబడే జాగా అదే. 1876 జనవరి 1న బ్రిటన్ ట్రేడ్‌మార్కుల రిజిస్టర్‌లో నంబర్ 1గా ఎక్కింది బాస్ ఎర్ర త్రిభుజం. 1882లో ఫ్రెంచి చిత్రకారుడు మానే గీసిన పారిస్ బార్ బొమ్మలో షాంపేన్ పక్కన ఆ త్రిభుజమే కనిపిస్తుంది.

మిగిలిన ఈస్ట్ ఏం చేశారంటారా? 1902లో అదే ఊళ్ళో మార్మైట్ (ఈస్ట్‌తో చేసే ఉప్పటి పేస్టు) ఫ్యాక్టరీ పెట్టారు. యూకే వచ్చిన కొత్తలో అది జామ్ అనుకుని బ్రెడ్ మీద మందంగా రాసుకున్న మనవాళ్ళు చాలామందే ఉన్నారు. నేనూ ఉన్నాను.

అయితే బ్రిటన్ ఎక్కువగా ఎగుమతుల మీదే బతికిందా?

లేదు. పేరంతా ఎగుమతిది, డబ్బంతా ఇంటిది. ఇండియా, ఆస్ట్రేలియా, అమెరికా అన్నీ కలిపినా ఎగుమతి మొత్తం ఉత్పత్తిలో కొద్ది శాతమే. 19వ శతాబ్దం చివర జర్మన్ లాగర్లు (చల్లటి చోట మెల్లగా పులియబెట్టే బీర్లు), ఆ దేశాల్లోనే వెలిసిన బ్రూవరీలు ఆ కొంచెం కూడా తగ్గించాయి.

ప్రతిదానికీ టాక్స్ అంటారేమిటి?

ఒక్కసారి వరసగా చూడండి. 18వ శతాబ్దంలో మాల్ట్ మీద, హాప్స్ మీద, బీరు మీద మూడింటి మీదా పన్ను. 1830లో వెల్లింగ్టన్ ప్రభుత్వం బీరు పన్ను ఎత్తేసి, రెండు గినీలు కట్టి లైసెన్సు తీసుకుంటే ఇంటి పన్ను కట్టే ఎవరైనా బీరు అమ్ముకోవచ్చంది. జనం జిన్ మానేసి బీరు తాగాలని కోరిక. 1751లో హోగార్త్ గీసిన జంట బొమ్మల్లో కూడా ఇదే మాట ఉంది: జిన్ వీధి నరకం, బీరు వీధి స్వర్గం. ఆరు నెలల్లో 24 వేల పైన బీరు ఇళ్ళు వెలిశాయి. ముందు గదిలో నాలుగు బల్లలు వేస్తే దుకాణం. జనం జిన్ మానలేదు, బీరు కూడా తాగారు.

మాల్ట్ పన్ను మాత్రం ఉండిపోయింది. బస్తా మాల్ట్ మీద పన్ను కడితే ఆ బస్తాలోంచి ఆఖరి చుక్క దాకా పిండాలని ఎవరికైనా ఉంటుంది. బ్రిటన్ బ్రూవర్లు థర్మామీటరు, గ్రావిటీ మీటరు అంత తొందరగా చేతబట్టడానికి అదీ ఒక కారణం. 1845లో గాజు మీద పన్ను పోయింది. గాజు గ్లాసులు చవకయ్యాయి. తగరపు ముంతలో కనబడని బీరు రంగు గ్లాసులో కనబడింది, మెరిసే లేత బీరుకి గిరాకీ పెరిగింది.

అసలు మలుపు 1880. ప్రధాని గ్లాడ్‌స్టన్ మాల్ట్ పన్ను తీసేసి, పులియబెట్టకముందు రసం ఎంత చిక్కగా ఉందో కొలిచి దాని మీద పన్ను వేశాడు. నీళ్ళు 1000 అనుకుంటే ఆ రసం 1057 ఉంటే అది స్టాండర్డ్ పీపా (1889లో 1055 చేశారు). ఇక దేనితో చేశావని ఎవరూ అడగరు. మాల్ట్ బదులు పంచదార, మొక్కజొన్న, బియ్యం ఏదైనా వేసుకోవచ్చు. చిక్కదనానికే వెల కాబట్టి పలచగా చేస్తే లాభం. ఆ మరుసటి వందేళ్ళలో బ్రిటిష్ బీరు అంతకంతకూ పలచనవడానికి విత్తనం అక్కడ పడింది.

పంచదార వెయ్యడం వల్ల విషమైందని విన్నాను?

1900లో మాంచెస్టర్ చుట్టుపక్కల. తప్పు పంచదారది కాదు, దాన్ని తయారు చెయ్యడానికి వాడిన సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఆర్సెనిక్ ఉంది. వేలమంది జబ్బుపడ్డారు, పదుల సంఖ్యలో చనిపోయారు. మొదట డాక్టర్లు తాగుబోతుల నరాల జబ్బే అనుకుని వదిలేశారు. పేదవాళ్ళ చవక బీరులోనే ఇది ఎక్కువగా ఉండడం వల్ల కనిపెట్టడం ఆలస్యమైంది. లార్డ్ కెల్విన్ అధ్యక్షతన రాయల్ కమిషన్ వేశారు. ఆహారంలో ఆర్సెనిక్‌కి హద్దులు అప్పుడే పెట్టారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఏం జరిగింది? గ్రాఫ్ అక్కడ బావిలో పడింది.

యుద్ధానికి ముందు పీపాకి పన్ను 7 షిల్లింగుల 9 పెన్స్. 1914 నవంబర్‌లో ఒక్క దెబ్బకి 23 షిల్లింగులు చేశారు. 1918లో 50, 1919లో 70, 1920లో 100. ఆరేళ్ళలో దాదాపు పదమూడు రెట్లు. ఫ్యాక్టరీల్లో గుండ్లు తయారు చేసే కార్మికులు తాగి పనికి రావట్లేదని లాయిడ్ జార్జ్‌కి టెన్షన్. 1915లో మద్యం మీద ఒక కంట్రోల్ బోర్డు పెట్టి పబ్బుల వేళలు కుదించారు, మధ్యాహ్నం మూయించారు. ఒకరికొకరు తాగబోయించుకోవడం కూడా నేరమైంది. స్నేహితుడికి ఒక గ్లాసు కొనిస్తే జరిమానా! 1916లో కార్లైల్ ఊళ్ళో పబ్బులూ బ్రూవరీలూ ప్రభుత్వమే కొనేసింది. ప్రభుత్వమే మద్యం దుకాణాలు నడపడం మన దగ్గరే ఉందనుకోవద్దు, అక్కడ 1970ల దాకా నడిచింది. మధ్యాహ్నపు మూత 1988 దాకా పోలేదు.

1917లో జలాంతర్గాములు తిండిగింజల ఓడలని ముంచుతుంటే, దేశం మొత్తానికి ఏడాదికి కోటి స్టాండర్డ్ పీపాలే అన్నారు. గమనించండి, స్టాండర్డ్ పీపాలు. బ్రూవర్లు ఏం చేస్తారు? పాలవాడు చేసేదే చేశారు. 1050 దాటిన సగటు చిక్కదనం యుద్ధం ముగిసేసరికి 1030 దగ్గరకి దిగింది. గ్లాసు నిండింది, మత్తు తగ్గింది. తర్వాత కొంచెం కోలుకున్నా పాత చిక్కదనం మళ్ళీ రాలేదు. పబ్బులో నాలుగు గ్లాసులు తాగి నడిచి ఇంటికి వెళ్ళగలిగే బీరు బ్రిటన్ తరతరాల సంప్రదాయమని చెప్తారు. ఆ సంప్రదాయం వయసు సుమారు వందేళ్ళు.

1930ల్లో అంత తగ్గిందేం?

ఉద్యోగాలు లేవు. దానికి తోడు 1931లో ఆర్థికమంత్రి స్నోడెన్ పన్ను ఇంకా పెంచాడు. పన్ను పెంచితే అమ్మకం పడిపోయి రాబడి కూడా సరిగ్గా రాలేదు. 1933లో చెంబర్లేన్ తగ్గించి, బదులుగా ఇంగ్లండ్ రైతుల బార్లీ ఎక్కువ కొనాలని బ్రూవర్ల దగ్గర మాట తీసుకున్నాడు. 1027 దాకా ఒకే కనీస పన్ను పెట్టడంతో అంతకంటే పలచగా చేసి లాభం లేకుండా పోయింది.

రెండో యుద్ధంలో బీరుకి రేషన్ లేదు. పన్ను బాగా పెరిగింది, బీరు మళ్ళీ పలచనైంది, అయినా ఉత్పత్తి పెరిగి 1945లో 3 కోట్ల పీపాలు దాటింది.

పబ్బు యజమాని తనకి నచ్చిన బీరు పెట్టుకోలేడా?

చాలాకాలం పెట్టుకోలేకపోయాడు. 1886లో గిన్నిస్ షేర్లు జనంలోకి 60 లక్షల పౌండ్లకి వచ్చాయి, వాటి కోసం జనం ఎగబడ్డారు. అది చూసి మిగతా బ్రూవరీలు కూడా షేర్లు అమ్మి, వచ్చిన డబ్బుతో పబ్బులు కొన్నాయి. కొత్త లైసెన్సులు దొరకడం కష్టం కాబట్టి పబ్బు చేతిలో ఉంటే గిరాకీ చేతిలో ఉన్నట్టే. వీటినే "టైడ్ హౌస్" అంటారు, కట్టేసిన ఇల్లు. 1900లో 6 వేల పైన ఉన్న బ్రూవరీలు ఒకదాన్నొకటి మింగుతూ 1970ల మధ్యకి 150కి దగ్గరయ్యాయి. బాస్ చారింగ్టన్, అలైడ్, విట్‌బ్రెడ్, వాట్నీ, కరేజ్, స్కాటిష్ అండ్ న్యూకాజిల్ అనే ఆరుగురిదే రాజ్యం.

1989లో ప్రభుత్వం 2 వేల కంటే ఎక్కువ పబ్బులున్న బ్రూవరీలు పైవాటిలో సగం వదులుకోవాలంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. వదిలిన పబ్బులని విడి మనుషులు కొనలేదు. పబ్బులు మాత్రమే ఉన్న పెద్ద కంపెనీలు పుట్టి కొనుక్కున్నాయి, అప్పులు చేసి మరీ. పబ్బుల్లేని బ్రూవరీలకి బ్రూయింగ్ మీద మోజు పోయింది. 2000లో బాస్, విట్‌బ్రెడ్ రెండూ బీరు వ్యాపారాన్ని బెల్జియం కంపెనీ ఇంటర్‌బ్రూకి అమ్మేశాయి. విట్‌బ్రెడ్ ఇప్పుడు ప్రీమియర్ ఇన్ హోటళ్ళు నడుపుతోంది. బాస్ హాలిడే ఇన్ హోటళ్ళ కంపెనీగా మిగిలింది.

లాగర్ ఎలా గెలిచింది?

1882లో రెక్స్‌హామ్‌లో, 1885లో గ్లాస్గోలోని టెనెంట్స్‌లో లాగర్ మొదలైనా 1960లో కూడా దాని వాటా ఒకటి, రెండు శాతమే. తర్వాత టీవీ ప్రకటనలు, ఫ్రిజ్‌లు, విదేశీ సెలవు ప్రయాణాలు, 1976 నాటి మండు వేసవి కలిశాయి. 1990కల్లా సగం మార్కెట్ లాగర్‌దే. 1971లో నలుగురు కుర్రాళ్ళు మొదలుపెట్టిన కామ్రా ఉద్యమం పీపా ఏల్‌ని చావకుండా కాపాడింది కానీ లాగర్‌ని ఆపలేకపోయింది.

ఇందులో మన హైదరాబాద్ ముక్క ఒకటుంది. హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో బీకాం చదివిన కరణ్ బిలిమోరియా లండన్‌లో కోబ్రా బీరు మొదలుపెట్టాడు. ఇంగ్లండ్ లాగర్‌లో గ్యాస్ ఎక్కువ, కూరలతో కడుపు ఉబ్బుతుంది, ఏల్ కొంచెం బరువు, మధ్యస్తంగా ఒకటి కావాలన్నది ఆయన ఆలోచన. 1990లో మొదటి సరుకు బెంగళూరు నుంచి ఓడలో వెళ్ళింది. దారి అదే, దిక్కే మారింది. తర్వాత తయారీ ఇంగ్లండ్‌కి మారింది, 2009లో మోల్సన్ కూర్స్ చేతికొచ్చాక ఇప్పుడు తయారయ్యే ఊరు బర్టన్.

అక్కడి బీరు మన దేశంలో ఏమైంది?

ఓడ ఖర్చు దండగ అనిపించి ఇక్కడే మొదలుపెట్టారు. 19వ శతాబ్దం మధ్యలో ఎడ్వర్డ్ డయ్యర్ హిమాలయాల చల్లదనం చూసి కసౌలీలో బ్రూవరీ పెట్టాడు. జలియన్‌వాలా బాగ్ జనరల్ డయ్యర్ తండ్రే ఈయన. దక్షిణాన 1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండ్ ఆయన చిన్న బ్రూవరీలని కలిపి యునైటెడ్ బ్రూవరీస్ చేశాడు. మన వేడికి చల్లదనమే పెద్ద సమస్య. అమెరికా నుంచి ఓడలో తెచ్చిన మంచు గడ్డల్ని దాచడానికి 1842లో కట్టిందే మద్రాసు బీచ్ రోడ్డులోని ఐస్ హౌస్, ఇప్పటి వివేకానంద ఇల్లం.

స్టాటిస్టిక్స్‌లో టి-టెస్ట్‌కీ బీరుకీ సంబంధం ఉందా?

ఉంది. విలియం గాసెట్ గిన్నిస్ ఉద్యోగి. బార్లీ, హాప్స్ నాణ్యతని కొద్దిపాటి నమూనాలతో తేల్చడం ఆయన పని. ఉద్యోగులు సొంత పేరుతో పరిశోధన అచ్చు వెయ్యకూడదని కంపెనీ పట్టు. అందుకే 1908లో "స్టూడెంట్" అనే మారుపేరు పెట్టుకున్నాడు. మనం ఇంజనీరింగ్‌లో తిట్టుకుంటూ చదివిన "స్టూడెంట్స్ టి" ఆయనదే.

బ్రూవరీలు వేలల్లో ఉన్నాయంటున్నారు, మరి ఉత్పత్తి తగ్గిందేం?

రెండూ నిజమే. 2002లో గోర్డన్ బ్రౌన్ చిన్న బ్రూవరీలకి పన్ను సగానికి తగ్గించాడు. అప్పటికి 500 దరిదాపుల్లో ఉన్నవి ఇరవై ఏళ్ళ లోపే 2 వేలకి దగ్గరయ్యాయి. అయితే అవన్నీ కలిసి చేసేది పెద్ద ఫ్యాక్టరీల ముందు ఏ మూలకి? మరోపక్క పాతవి పోతున్నాయి. బర్టన్‌లో పీపాల వరసల్లో బీరు పులియబెట్టే యూనియన్ పద్ధతిని పెద్ద ఎత్తున వాడిన ఆఖరి చోట 2024లో ఆపేశారు. అందులో ఒక వరసని థార్న్‌బ్రిడ్జ్ అనే చిన్న బ్రూవరీ తీసుకెళ్ళి మళ్ళీ వాడుతోంది.

ఈమధ్య సీసాల మీద 3.4 శాతం అని కనబడుతోంది. ముందు 4 ఉండేది కదా?

1993లో చిక్కదనం మీద పన్ను పోయి, తయారైన బీరులో ఆల్కహాల్ శాతం మీద పన్ను వచ్చింది. 2023 ఆగస్టులో ఆ పట్టికని మళ్ళీ తిరగరాశారు. 3.5 శాతం కంటే తక్కువున్న బీరుకి రేటు చాలా తగ్గింది. మీ సీసా 3.4 దగ్గర ఆగడానికి కారణం అదే. రెసిపీ మారిందా అని కంపెనీని అడిగితే ఆరోగ్యం గురించి చక్కటి వాక్యం ఒకటి పంపిస్తారు. వెనక లేబుల్‌తో పాటు పన్నుల పట్టిక కూడా పక్కన పెట్టుకుని చూడండి.